వాగొడ్డు మొర్రి చెట్టు

అన్నం దగ్గర నాకు ఓపిక తక్కువ. మిగతా విషయాల్లో ఎలాగోలా సర్దుకుపోతాను కానీ, పప్పులో ఉప్పు తగ్గిందంటే ఎదురుగా ఎవరున్నా నా నోరు ఊరుకోదు. మస్కట్‌లో మా కంపెనీ మెస్‌కు వండే పెద్దాయనతో నా స్నేహం కూడా ఇలాంటి ఒక గొడవతోనే మొదలైంది. ఆయన నాకు చుట్టం కాదు, ఊరివాడూ కాదు. అందరూ కాకా అంటారు కాబట్టి నేనూ కాకా అన్నాను.

కాకది ఖానాపూర్ అవతల, అడవి అంచున ఉండే ఊరు. నాది జగిత్యాల దగ్గర కాలువ కింది ఊరు. మా ఊళ్లో ఎటు చూసినా వరి మడి, వాళ్ల ఊళ్లో ఎటు చూసినా టేకు, తునికి, ఇప్ప. మస్కట్‌లో అల్ మవాలే అనే పేటలో కంపెనీ వాళ్లు అద్దెకు తీసుకున్న పాత ఇంట్లో మేమంతా ఉంటాం. వెనక వరండాను వంటిల్లు చేశారు. నేను పికప్ డ్రైవర్‌ని. పొద్దున సామాన్లు, మధ్యాహ్నానికి అన్నం గిన్నెలు, సాయంత్రం మనుషులు, ఇదీ నా డ్యూటీ. ఘుబ్రా సైట్‌లో ఆకలి మీద ఉన్న మనుషుల ముందు గిన్నె మూత తీసేది నేనే కాబట్టి, కూర బాగా లేకపోతే మొదటి తిట్లు కూడా నాకే.

కాక ఇక్కడికి వంటవాడిగా రాలేదు. సెంట్రింగ్ పనికి వచ్చాడు. పరంజా మీది నుంచి పడి నడుము పట్టేశాక, ఊళ్లలో పెళ్లిళ్లకు వండిన చెయ్యి అని తెలిసి సూపర్‌వైజర్ ఆయన్ను వంటింట్లో పెట్టాడు. ఆ చేతిలో ఏముందో కానీ వట్టి పచ్చిపులుసు చేసినా మనుషులు మళ్లీ వడ్డించుకునేవారు. షినాస్‌కు లోడ్ వేసుకుని వెళ్లినప్పుడల్లా నేను అక్కడి సముద్రపు ఒడ్డున చేపలు కొనుక్కొచ్చేవాణ్ణి. ఆ సాయంత్రం ఎవరూ ఫోన్లు చూసేవారు కాదు, వంటింటి వైపే చూసేవారు.

గడిచిన చలికాలంలో కాకకు జలుబు, జ్వరం వచ్చాయి. అప్పుడు మాలో చాలామందికి వచ్చాయి, తగ్గిపోయాయి. ఆయనకూ తగ్గింది. కానీ ఆ తరవాత వంట గతి తప్పింది. ఒకరోజు ఉప్పు కషాయం, మరునాడు చప్పిడి. సైట్‌లో జనం నన్ను తిడితే నేను వచ్చి ఆయన్ను తిట్టాను. ఎప్పుడూ ఒకటికి రెండు అనే మనిషి ఈసారి మారుమాట్లాడలేదు. అది నాకు ఇంకా కోపం తెప్పించింది.

అప్పటి నుంచి ఆయన కొత్త అలవాటు ఒకటి మొదలుపెట్టాడు. నేను గిన్నెలు ఎక్కిస్తుంటే గరిటె పట్టుకుని వచ్చేవాడు.

"కొడుకా, జెర ఈ చారు వేడిగున్నదా సల్లారిందా జూడు."

గిన్నె మీద చెయ్యి పెడితే తెలిసేదానికి నా నోరెందుకో నాకు అర్థమయ్యేది కాదు. నా అరచేతిలో చారు పోసి ఆయన గిన్నె వైపు చూసేవాడు కాదు, నా మూతి వైపు చూసేవాడు. నేను మొహం చిట్లిస్తే లోపలికి పోయి ఏదో వేసి కలిపేవాడు. రెండోసారి మళ్లీ నా మూతి చూసేవాడు.

అసలు సంగతి ఒక సాయంత్రం బయటపడింది. ఆయన ఇద్దరికీ చాయ్ తెచ్చాడు. నేను ఒక గుక్క తాగి బయటికి ఉమ్మేశాను. చక్కెర బదులు ఉప్పు పడింది. తిట్టడానికి నోరు తెరిచి ఎదురుగా చూస్తే, కాక వరండా గట్టు మీద కూర్చుని అదే చాయ్‌ని మెల్లగా, హాయిగా తాగుతున్నాడు.

"కాకా, నీకు తెలుస్తలేదా?" అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"నాలికె మీద మట్టి వెట్టినట్టున్నదిరా," అన్నాడు. "వాసన లేదు, రుచి లేదు. మిర్పకాయ మంట ఒక్కటే తెలుస్తది. ఎవ్వలికి చెప్పకు. నీకు దండం వెడ్త."

క్లినిక్‌లో డాక్టర్, రుచి మళ్లీ వస్తుందిలే, టైం పడుతుంది అన్నాడట. ఎంత టైం అంటే చెప్పలేనన్నాడట. ఈలోగా సూపర్‌వైజర్ వంటింటికి వచ్చి, ఇంకో కంప్లైంట్ వస్తే కొత్త కుక్‌ను పెడతానని, కాక మళ్లీ సైట్ ఎక్కాలని చెప్పిపోయాడు. ఆ నడుముతో, ముందున్న ఎండల్లో, ఆయన సైట్ ఎక్కితే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు.

ఇంటికి వెళ్లిపోవచ్చు కదా అని అడిగాను. "పొయ్యి ఏం జెయ్యాలె? నాకొచ్చింది వంట ఒక్కటే. నాలికె లేని వంటోన్ని ఏ పెండ్లికి పిలుస్తర్రా?" అన్నాడు. ఊళ్లో ఉన్న భార్యకు కూడా చెప్పలేదు. చెబితే ఆమె అన్నం మానేస్తుందట. అలా ఆయన నాలుక నాకు వచ్చి పడింది. రోజూ గిన్నెలు ఎక్కించే ముందు నేను రుచి చూడటం, ఆయన నా మూతి చూడటం. దొంగతనం చేస్తున్నట్టు ఉండేది కానీ, నిజం చెప్పాలంటే ఆ పని నాకు ఇష్టంగానే ఉండేది. అంత పెద్ద చెయ్యి నా నోటిని నమ్ముకుంది మరి.

ఎండలు ముదిరేసరికి కాక మొర్రి పండ్ల మాట ఎత్తాడు. ఏటా ఆ రోజుల్లో ఎత్తేవాడేనట. మా దిక్కు వాళ్లకు మొర్రి పండంటే సంతలో మోదుగాకు డొప్పలో పోసి అమ్మే నల్లటి చిన్న పండు, అంతే. రేగుపండులో సగం ఉండదు, పైన పలచగా గుజ్జు, లోపలంతా గింజ.

"గవి మా దిక్కు కోతులు తింటయి కాకా," అని ఉడికించాను.

"మీ కాల్వనీళ్లోళ్లకు ఏమెర్క!" అని లేచాడు. చాలా రోజుల తరవాత ఆయన గొంతు పెరిగింది. నాకు సంతోషమైంది.

మొర్రి చెట్టును ఎవరూ పెట్టరట. నీళ్లు పొయ్యరట. మొసలి వీపులాంటి నల్లటి బెరడుతో అడవిలో దానంతట అదే ఉంటుంది. తునికాకు కోతకు పోయిన ఆడవాళ్లు ఎండ ఎక్కేదాకా ఆకు కోసి, దాహమైతే మొర్రి కొమ్మ దులుపుకుని తింటారు. తెల్లవారుజామున పోతే ఎలుగుబంటి మనకంటే ముందు వచ్చి ఉంటుంది. మనుషులు గుజ్జు తిని గింజలు దాచుకుంటారు. ఆ గింజ పగలగొడితే వచ్చేదే సారపప్పు. మా మవాలే దుకాణంలో హైదరాబాద్ భాయ్ చిన్న చిన్న ప్యాకెట్లలో చిరోంజీ అని అమ్ముతాడు, పండక్కి పాలల్లో వేసే పప్పు. అది ఇదేనని నాకు ఆ రోజే తెలిసింది.

"ఏ చెట్టు రుచి ఆ చెట్టుదే," అన్నాడు కాక. "గుట్ట మీది చెట్టు పండు ముందుగాల జెర వగరు, ఎన్కకు తీపి. వాగొడ్డు చెట్టుది మొదటి నుంచే తీపి, ఒక్క పండు నోట్లేస్కుంటె ఇగ ఇంకో చెట్టు కాడికి పోబుద్ది గాదు. మా ఇంటిది అన్ని కలిపి ఇస్తది. నేను కండ్లు మూస్కొని ఏ చెట్టుదో చెప్పాలె. ఒక్కసారి తప్పలే."

ఆ వాగొడ్డు చెట్టు కొమ్మకే వాళ్లమ్మ చీర ఉయ్యాల కట్టి, ఆయన్ను పడుకోబెట్టి తునికాకు కోసేదట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన చెయ్యి తనకు తెలియకుండానే ఊగింది. తరవాత మెల్లగా అన్నాడు: "మొర్రి పండు నోట్ల వడితే నాలికె లేస్తదేమోరా. అన్ని మర్చిపోయినా దాన్ని మర్వదు."

నేను నవ్వలేదు. ఆయన దాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నాడో మొహంలో కనిపిస్తూనే ఉంది.

మాలో ఒక పెయింటర్ అప్పుడు లీవులో జగిత్యాలలో ఉన్నాడు. మెస్ మీద అందరికంటే గట్టిగా గొణిగేది అతనే, సూపర్‌వైజర్ దాకా మాట మోసింది కూడా అతనే. మా వాళ్లలో ఒక పద్ధతి ఉంది. ఎవరు ఇంటికి వెళ్లినా తిరిగి వచ్చేటప్పుడు రూమ్‌లో అందరి ఇళ్ల నుంచీ పార్సిళ్లు తేవాలి, తగువులున్నా సరే. కాక భార్య పండ్లు తీసుకుని బస్సెక్కి, జగిత్యాలలో పెయింటర్ ఇంటికి వెళ్లి ఇచ్చి వచ్చింది. అతనికి పోయినసారి బ్యాగులో మామిడికాయ తొక్కు నూనె కారి బట్టలన్నీ పాడయ్యాయి. అందుకని ఈసారి ముందే ఆమెకు గట్టిగా చెప్పాడు, గాలి చొరకుండా ప్యాక్ చేయించమని. ఆమె పాపం పచ్చళ్ల దుకాణానికి వెళ్లి, మిషన్ మీద కవరు అంటింపించి, దాని మీద ఇంకో కవరు వేయించి, చుట్టూ గోధుమరంగు టేపు చుట్టించింది. గల్ఫ్ పార్సిల్ అంటే అలాగే ఉండాలని మా ఇళ్లలో అందరికీ తెలుసు. పచ్చడికీ పచ్చి పండుకూ తేడా ఉంటుందని ఎవరికీ తట్టలేదు.

శుక్రవారం సెలవు. లీవు నుంచి తిరిగొచ్చిన పెయింటర్ మధ్యాహ్నం పార్సిళ్లు పంచాడు. మొర్రి పండ్ల ప్యాకెట్ ఉబ్బి ఉంది. దాన్ని చూడగానే నాకు గుబులు పుట్టింది. కాక కత్తితో టేపు కోసి కవరు చించాడు. పులిసిన కల్లు వాసన గది అంతా కొట్టింది. పక్కన కూర్చున్నవాళ్లు మొహాలు తిప్పుకున్నారు. కాకకు ఆ వాసన అందలేదు. ఆయన కళ్లు మెరుస్తున్నాయి. ఒక పండు తీసి, చొక్కాకు తుడిచి, నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు.

నేనూ ఒకటి వేసుకున్నాను. పులుపు, చేదు కలిసి ఉంది. మింగేశాను. కాక దవడలు మెల్లగా కదులుతున్నాయి. కదలడం ఆగాయి. మళ్లీ కదిలాయి. ఇంకో పండు వేసుకున్నాడు. ఆ మూసిన కళ్ల మీద ఆశ కొంచెం కొంచెంగా పోతూ ఉంటే చూడలేక నేను తల దించుకున్నాను. ఎవరికి మొక్కుకున్నానో గుర్తులేదు కానీ మొక్కుకున్నాను.

"అరె, ఇవన్ని పాడై..." అని పెయింటర్ మొదలుపెట్టాడు. నేను అతని తొడ గట్టిగా గిల్లాను. అతను నా వైపు కోపంగా చూసి, తరవాత కాక వైపు చూశాడు. కాక మూడో పండు వేసుకుంటున్నాడు. పెయింటర్ నోరు అలాగే ఉండిపోయింది. గొణుగుడు మనిషే కానీ తెలివితక్కువవాడు కాదు. చలికాలం నుంచి తిన్న ఉప్పు కషాయాలన్నీ అతనికి ఒక్కసారిగా అర్థమైనట్టున్నాయి.

అప్పుడే నా ఫోన్ మోగింది. కాక ఫోన్‌లో కెమెరా పనిచెయ్యదు, అందుకని వాళ్లావిడ వీడియో కాల్ ఎప్పుడూ నా ఫోన్‌కే చేస్తుంది. నేను చిన్నమ్మా అంటాను. తెర మీద ఆమె మొహం, వెనక వాళ్ల ఇంటి గోడ కనిపించాయి.

"అందినయా? తిన్నవా?" అంది.

"తింటున్న. మస్తున్నయే. తీపంటె తీపి," అన్నాడు కాక. గొంతు ఏమాత్రం తడబడలేదు.

"మరి ఏ చెట్టువో చెప్పు జూద్దాం?"

కాక నా వైపు చూశాడు. రోజూ చూసినట్టే నా మూతి వైపు. చారులో ఉప్పయితే నా మూతి చెప్పగలదు. అడవిలో చెట్టు సంగతి అది ఏం చెబుతుంది?

"వాగొడ్డు చెట్టువి," అన్నాడాయన.

చిన్నమ్మ వెంటనే మాట్లాడలేదు. నెట్ ఆగిందేమో అనుకున్నాను. తరవాత ఆమె నవ్వింది.

"అవ్. వాగొడ్డువే. నువ్వు ఎన్నడు తప్పినవ్ గనుక," అంది.

కాక గట్టెక్కిన మనిషిలా ఊపిరి పీల్చుకున్నాడు. నాకు కూడా ప్రాణం లేచి వచ్చింది.

మరునాడు పొద్దున నేను సామాన్లతో ఘుబ్రా వెళ్తుంటే మళ్లీ చిన్నమ్మ ఫోన్. బండి పక్కకు ఆపాను. ఈసారి వీడియో కాదు, మాట మాత్రమే.

"బిడ్డా, నాకు అబద్ధం చెప్పకు. పండ్లు పాడైనయి గదా?"

నేను బండి ఇంజన్ ఆపేశాను.

"పాడైనయని నాకు నిన్ననే అనుమానమొచ్చింది, ఆయన చేతుల పండ్లు చితికి కనవడ్డయి. పాడైన పండు పంపితే ఆయన ఊకుంటడా? నా ఏడు తరాలు తిట్టేటోడు. పెండ్లయిన కాన్నుంచి ఒక్క కాయ మెత్తబడితె గూడ తిట్టిండు. గా మనిషి తీపంటున్నడంటె... ఆయనకు రుచి తెలుస్తలేదు గదా బిడ్డా?"

నేను అవునని చెప్పకుండానే ఆమెకు అవునని తెలిసిపోయింది. ఆమె కాసేపు ఏడ్చింది. నేను స్టీరింగ్ పట్టుకుని వింటూ కూర్చున్నాను.

"ఇంకోటి," అంది ముక్కు చీదుకుని. "వాగొడ్డు చెట్టు లేదు బిడ్డా. పోయిన వానలకు వాగొచ్చి ఒడ్డు కోసుకపోయింది. చెట్టు గూడ పోయింది. వాళ్లమ్మ ఉయ్యాల కట్టిన చెట్టని నేను చెప్పలే. ఆడ ఒక్కడే ఉండి బాధ వడ్తడని. నువ్వు గూడ చెప్పకు. నాకెరుకైందని గూడ చెప్పకు."

సరేనన్నాను. ఆ రోజంతా బండి నడుపుతూ వాళ్లిద్దరి మీదా కోపం తెచ్చుకోవాలని చూశాను. ఒకరికి తెలియకుండా ఒకరు నన్ను మధ్యలో పెట్టి దాచుకుంటున్నారు. కోపం రాలేదు. నా పెళ్లయి ఇన్నేళ్లలో నేను నా భార్య దగ్గర ఇంత ప్రేమగా ఏదైనా దాచానా అని ఆలోచించుకుంటే ఏదీ గుర్తుకు రాలేదు.

మధ్యాహ్నం గిన్నెల కోసం వెళ్లేసరికి వంటింట్లో పెయింటర్ ఉన్నాడు. డ్యూటీ ఎగ్గొట్టి మరీ ఉన్నాడు. గరిటెతో పప్పు నాకి చూస్తున్నాడు.

"నువ్వొక్కనివే ఎన్ని రోజులు జూస్తవ్ తియ్," అన్నాడు నా వైపు చూడకుండా. "కాకా, ఇంకింత ఉప్పు వడాలె. చింతపండు సాలు."

కాక తల వంచుకుని ఉప్పు వేశాడు. ఆ తరవాత మా మెస్ మీద సూపర్‌వైజర్‌కు కంప్లైంట్ పోలేదు. కంప్లైంట్ చేసేవాడే ఉప్పు చూస్తుంటే ఎలా పోతుంది?

పండ్లు పులిశాయని చెప్పినా కాక వాటిని పారెయ్యలేదు. గింజకేమీ కాదన్నాడు. నీళ్లలో నానబెట్టి, ఖాళీ బియ్యం సంచిలో వేసి రుద్ది గుజ్జు వదిలించి, డాబా మీద ఆరబోశాడు. ఇక్కడి ఎండకు ఇట్టే ఎండిపోయాయి. తరవాతి శుక్రవారం సైట్ నుంచి నేను తెచ్చిన గ్రానైట్ ముక్క మీద పెట్టి, చిన్న సుత్తితో పగలగొట్టడం మొదలుపెట్టాడు. గట్టిగా కొడితే పప్పు నలిగిపోతుంది, మెల్లగా కొడితే గింజ పగలదు. నేను ఎదురుగా కూర్చుని పెంకులు ఏరుతున్నాను. పప్పు నోట్లో వేసుకుంటే కమ్మగా, కొంచెం పాలవాసనతో ఉంది. కోతుల మాట వెనక్కి తీసుకున్నానని చెప్పాను. కాక నవ్వాడు.

నవ్వుతూనే ఒక గింజను వేళ్ల మధ్య దొర్లించాడు. ఇంకొకటి తీసి దొర్లించాడు. సుత్తి పక్కన పెట్టి, గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని బొటనవేలితో ఒక్కొక్కదాన్ని తడిమాడు. నవ్వు పోయింది.

"ఇవి వాగొడ్డు చెట్టువి గావురా," అన్నాడు. "వాగొడ్డుది గింజ లావుంటది, ఒకదిక్కు సప్పటుంటది. ఇవన్ని గుట్ట చెట్టువి. ఒక్కటంటె ఒక్కటి వాగొడ్డుది లేదు."

నేను పెంకులు ఏరుతూనే ఉన్నాను. తల ఎత్తితే నా మూతి నా మాట వినదని తెలుసు.

"మరి ఇంటిది అవునన్నది గదా?" అన్నాడు. తనను తానే అడుగుతున్నట్టు ఉంది. "ఎందుకన్నది?" కాసేపటికి, "దానికి ఎర్కైంది," అన్నాడు. చెయ్యి చాపాడు. "ఫోన్ ఇయ్యి."

కలిపి ఇచ్చాను. ఆమె మొహం తెర మీదికి రాగానే కాక అందుకున్నాడు.

"ఏమే, బుద్ధున్నదానే నీకు? పచ్చి పండ్లను గట్ల మిషిన్ల వెట్టి అంటిపిస్తరానే? గాలి లేక మొత్తం పులిసి సచ్చినయి! ఇంట్ల ఇన్నేండ్లు మొర్రి పండ్లు తిని గా మాత్రం తెల్వదా? వట్టి పుణ్యానికి అడివంత తిరిగినవ్, బస్సెక్కినవ్..."

అటు నుంచి నవ్వు వినిపించింది. ఏడుపు కలిసిన నవ్వు. ఆయన తిడుతున్నాడు, ఆమె నవ్వుతోంది, ఆయన కళ్ల నుంచి నీళ్లు గడ్డం మీదికి కారుతున్నాయి. తిట్టి తిట్టి అలసిపోయి, "నాకు రుచి పొయ్యిందే," అన్నాడు.

"ఎరికే," అంది ఆమె. "వస్తది తియ్. రాకుంటె నేను లేనా? నీకు నేను జూసి చెప్పనా?"

నేను పెంకుల పళ్లెం తీసుకుని లేచాను, వాళ్లను వాళ్లకు వదిలేద్దామని. గుమ్మం దాకా వెళ్లేసరికి కాక గొంతు వినిపించింది. ఇప్పుడు అందులో తిట్టు లేదు, చిన్నపిల్లాడిలా అడుగుతున్నాడు.

"అన్ని గుట్ట చెట్టువే ఎందుకు పంపినవే? వాగొడ్డు చెట్టు ఈసారి కాయలేదా?"

అవతల ఆమె ఏమందో నాకు వినపడలేదు. నేను పళ్లెం పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

"ఎప్పుడు?" అన్నాడు కాక.